కవర్ ఖాతాలో సున్నా

ప్రో కబడ్డీ వేలం అయిన మర్నాడు పేపర్ తిరగేయండి. కూతకు వెళ్లేవాళ్ల ఫొటోలు పైన, పట్టేవాళ్ల పేర్లు కింద. ఆ పట్టేవాళ్లలోనూ అంచుల్లో నిలబడే కార్నర్లది ముందు వరుస. వాళ్లకు లోపలి వైపు కవర్‌లో నిలబడేవాడి పేరు చోటు మిగిలితే వస్తుంది, లేకపోతే లేదు. 2014లో తొలి వేలం జరిగినప్పుడు రాకేశ్ కుమార్‌ను పట్నా జట్టు 12 లక్షల 80 వేలకు కొంటే అబ్బో అనుకున్నాం. 2018 వేలంలో ఆరుగురు కోటి గీత తాకారు. ఆ ఆరుగురిలో అచ్చమైన డిఫెండర్ ఒక్కడే, ఇరాన్ వాడు ఫజల్ అత్రాచలి. అతనిదీ లెఫ్ట్ కార్నరే. మిగతా అయిదుగురి బేరం కూత మీదే తెగింది.

రైడర్ల మీద నాకు కోపం లేదు. ముప్పై సెకన్లలో ఏడుగురి మధ్యకు ఒంటరిగా వెళ్లి ఊపిరి బిగబట్టి తిరిగొచ్చేవాడికి డబ్బు ఇవ్వొద్దని ఎవడంటాడు? నా గొడవల్లా ఆటగాణ్ని తూచే తక్కెడ మీద. అందులో కనబడేదానికే బరువు ఉంటోంది.

కబడ్డీ కోర్టులో కవర్ ఏం చేస్తాడో ఒకసారి దగ్గరి నుంచి చూద్దాం. సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో పోటీలు జరిగేటప్పుడు గ్యాలరీ పైమెట్ల మీద కాకుండా కింద మ్యాట్ పక్కన చోటు దొరికించుకుని, బంతిలా గెంతుతున్న రైడర్‌ను వదిలేసి, ఎడమ పక్క కార్నర్‌కూ కవర్‌కూ మధ్య ఉన్న చేతుల మీద కళ్లు పెట్టండి. కార్నర్ చెయ్యి కవర్ చేతిలో ఉంటుంది. రైడర్ బోనస్ గీత వైపు కాలు చాపుతాడు. కార్నర్ కుర్రాడికి వంగి మడమ పట్టాలని ఆత్రం. కవర్ వేళ్లు మణికట్టు మీద బిగుసుకుంటాయి, ఇప్పుడొద్దని. రైడర్ వెనక్కి తగ్గి మళ్లీ వస్తాడు. ఈసారి వేళ్లు వదులవుతాయి. కార్నర్ యాంకిల్ పట్టాడు. పట్టు సగమే పడింది, రైడర్ ఒంటికాలి మీద లాక్కుంటూ నడిగీత వైపు వాలాడు, వేళ్ల కొసలకూ గీతకూ మధ్య జానెడు. అప్పుడు కవర్ వచ్చి భుజంతో నడుము మీద గుద్ది లాబీ అవతలికి తోసేస్తాడు. విజిల్. స్కోరర్ రాసుకునేది కార్నర్ నంబర్. కార్నర్ తొడ చరిచి గ్యాలరీ వైపు చెయ్యి ఎత్తుతాడు. కవర్ మోచెయ్యి రుద్దుకుంటూ తన చోటికి వెళ్లి నిలబడతాడు.

ఇది పట్టు పడ్డ కూత సంగతి. పట్టు పడని కూతలో ఇంకా ఘోరం. కవర్ సరిగ్గా నిలబడితే రైడర్‌కు లోపలికి దారి ఉండదు. మధ్యలో తచ్చాడి, గాల్లో రెండు చేతులూ విసిరి, ఖాళీగా వెళ్లిపోతాడు. వరుసగా రెండు ఖాళీ కూతలైతే మూడోది డూ ఆర్ డై. పాయింట్ తేకపోతే అవుట్. ప్రత్యర్థిని ఆ ఇరకాటంలోకి నెట్టిన ఘనత ఎవరిది? స్కోర్ పట్టీలో రైడర్ పేరుకు ఎదురుగా ఖాళీ కూత అని పడుతుంది. ఆపిన వాడి పేరుకు ఎదురుగా ఏమీ పడదు. ఒంటిమీద చెయ్యి పడనివ్వకపోవడం కూడా పనే అని ఆ పట్టీకి తెలియదు. టచ్ పాయింట్, బోనస్ పాయింట్, ట్యాకిల్ పాయింట్, సూపర్ ట్యాకిల్ అయితే ఇంకో పాయింట్ అదనం. వేలానికి ముందు జట్ల యజమానుల కంప్యూటర్లలోకి వెళ్లేవి ఈ గడులే. కవర్ చేసిన పనిలో సగానికి అక్కడ గడే లేదు.

మా వైపు వాళ్లకు ఈ పద్ధతి కొత్తేం కాదు లెండి. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగగానే కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు మీద పడతాయి. పాస్‌పోర్టు ఫొటోలు, కింద ర్యాంకులు. పక్క పిల్లాడికి లెక్క చెప్పి పాస్ చేయించిన వాడి ఫొటో ఏ ఫ్లెక్సీ మీదా చూడలేదు. కబడ్డీ వేలం కూడా అలాంటి ఫ్లెక్సీయే.

ఇక ట్రయల్స్. నాకు తెలిసిన ఒక కుర్రాడు లెఫ్ట్ కవర్ ఆడతాడు. నల్లగొండ జిల్లా పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ కానిస్టేబుల్ పరీక్షకు చదువుతూ, సాయంత్రాలు ఎల్బీనగర్ వైపు ప్రాక్టీసు చేసేవాడు. ఒక జట్టు ట్రయల్స్ పెడితే వెళ్లాడు. ముందు తూకం. బరువు ఎక్కువుంటే అక్కడికక్కడే ఇంటికి. తర్వాత పరుగు. తర్వాత ఛాతీకి నంబర్ కాగితం అంటించి, ముఖపరిచయం లేని ఏడుగురిని ఒక జట్టుగా నిలబెట్టి, కాసేపు ఆడించారు. మావాడి పక్కన కార్నర్‌లో హర్యానా పిల్లవాడు. ఇద్దరికీ మాట కలవదు, చెయ్యి అసలే కలవదు. ఇతను ఆగమని వేళ్లు నొక్కితే అతను దూకమన్నాడనుకున్నాడు. రైడర్‌కేం, ఎక్కడ నిలబెట్టినా ఒక్కడే వెళ్లి తన పనితనం చూపించుకోగలడు. కవర్ పనితనం పక్కవాడితో నెలల తరబడి చేసిన సావాసంలో ఉంటుంది, అది ఆ కాసేపట్లో ఎక్కడి నుంచి వస్తుంది? చివర్లో కాగితం పట్టుకున్న పెద్దమనిషి అడిగాడట: "పాయింట్లెన్ని తెచ్చావు తమ్ముడూ?" మావాడు తల వంచుకుని వచ్చేశాడు.

ఊళ్లలో సంక్రాంతి టోర్నమెంట్లు మాత్రం మేలా? బెస్ట్ రైడర్‌కు ఒక కప్పు, బెస్ట్ క్యాచర్‌కు ఒక కప్పు, ఆల్‌రౌండర్‌కు ఒకటి. క్యాచర్ కప్పు కాలు పట్టిన కార్నర్‌కే పోతుంది. కవర్‌కు మిగిలేది జట్టంతటికీ కలిపి ఇచ్చే ఫొటో.

ఇది మనవాళ్ల అమాయకత్వమే కాదు, ప్రపంచమంతా ఇదే తీరు. అమెరికా ఫుట్‌బాల్‌లో వైడ్ రిసీవర్ అని ఉంటాడు, దూరం నుంచి విసిరిన బంతిని అందుకుని పరుగెత్తేవాడు. ఏటా జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌కు ముందు ఇండియానాపొలిస్‌లో వీళ్లకు పరీక్షలు పెడతారు. అందులో 40 గజాల పరుగు చూడటానికి జనం టీవీలకు అతుక్కుపోతారు. 2017లో జాన్ రాస్ ఆ పరుగు 4.22 సెకన్లలో కొట్టి అప్పటి రికార్డు బద్దలు చేశాడు. సిన్సినాటి జట్టు తొమ్మిదో పేరుగా ఎగరేసుకుపోయింది. మొదటి సీజన్లో అతను అందుకున్న బంతులు సున్నా. అదే డ్రాఫ్ట్‌లో కూపర్ కప్ అనేవాడు అంత వేగం లేదని 69వ పేరు దాకా కూర్చున్నాడు. 2021 సీజన్లో 145 బంతులు అందుకుని 1,947 గజాలు సాధించాడు, ఆ సీజన్ ఫైనల్ అయిన సూపర్ బౌల్లో ఉత్తమ ఆటగాడూ అతనే. నాకు వీళ్లిద్దరికన్నా హైన్స్ వార్డ్ అనే ఇంకో రిసీవర్ దగ్గరివాడు. 1998లో 92వ పేరు. బంతి పట్టడం సరే, తన జట్టువాడు బంతితో పరుగెత్తుతుంటే ముందుకెళ్లి అడ్డొచ్చినవాణ్ని ఢీకొట్టి దారి చేయడంలో అతనికి సాటి లేదంటారు. అంటే రిసీవర్ల లెక్కలో గడి లేని పని. 2006లో అతనూ సూపర్ బౌల్ ఉత్తమ ఆటగాడయ్యాడు, కానీ బంతులు పట్టినందుకు. దారి చేసినందుకు అక్కడా కప్పు లేదు.

మన తెలుగు టైటాన్స్ సంగతికి వద్దాం.   2018లో వీళ్లే అబోజర్ మిగానీ అనే ఇరాన్ రైట్ కవర్‌కు 76 లక్షలు పెట్టారు. కవర్‌కు కూడా ధర ఉంటుందని చూపించినవాళ్లు మనవాళ్లే అని అప్పట్లో మురిసిపోయాను. ఆ తర్వాత మళ్లీ కూతల మీదే మోజు. 2023లో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు, అప్పటికి లీగ్ చరిత్రలో అంత ధర ఎవరికీ పలకలేదు. పవన్ గొప్ప ఆటగాడు, కెప్టెన్‌గా తన పని తాను చేశాడు. అయినా ఆ పదో సీజన్లో జట్టు 22 మ్యాచుల్లో గెలిచినవి రెండు. పట్టికలో చిట్టచివర. ఎనిమిది, తొమ్మిది సీజన్లలోనూ చోటు అదే. ఒక్కడు తెచ్చిన పాయింట్లను మిగతా ఆరుగురు అవతలివాడికి తిరిగి ఇచ్చేస్తుంటే ఎన్ని కోట్లు పోస్తే ఏం లాభం?

ఆ పదో సీజన్ ఫైనల్ మన గచ్చిబౌలిలోనే జరిగింది, 2024 మార్చి 1న. పుణేరి పల్టన్ 28–25తో హర్యానా స్టీలర్స్‌ను ఓడించింది. నలభై నిమిషాల ఆటలో స్కోరు అంత తక్కువ అంటే రెండు వైపులా కోట ఎంత గట్టిదో చూసుకోండి. పుణే రైడర్ పంకజ్ మోహితే ఒకే కూతలో తెచ్చిన 4 పాయింట్లే మ్యాచ్‌ను తిప్పాయి కదా అంటారు. కాదనను. కానీ హర్యానా వాళ్లను 25 దగ్గర ఆపింది ఎవరు? పుణే డిఫెండర్ షాద్లూయి పేరు అందరికీ తెలుసు, అతనికి 2 కోట్ల 35 లక్షలు పెట్టారు, డిఫెండర్‌కు అంత ఇచ్చినందుకు పుణే వాళ్లకు దండం పెట్టాలి. అతని పక్కన లెఫ్ట్ కవర్‌లో సంకేత్ సావంత్, అటు రైట్ కవర్‌లో అభినేష్ నడరాజన్. దిల్‌సుఖ్‌నగర్‌లో టీ కొట్టు దగ్గర కబడ్డీ ప్రేమికులను పట్టుకుని ఈ రెండు పేర్లూ అడగండి, పదిమందిలో ఒకడు చెబితే నా డబ్బుతో చాయ్.

మరుసటి సీజన్ కప్పు హర్యానా ఎత్తింది. ఫైనల్లో పట్నాను 32–23తో ఓడించింది. ఆ జట్టు కెప్టెన్ జైదీప్ దహియా. అతను ఆడేది లెఫ్ట్ కవర్. కవర్‌కు పగ్గాలిచ్చిన జట్టు వరుసగా రెండు ఫైనల్స్ ఆడి రెండోది గెలిస్తే, వేలం బల్ల దగ్గర కూర్చునేవాళ్లకు ఏమీ తట్టలేదా?

వేలంలో అట్టడుగు డి కేటగిరీ కనీస ధర 9 లక్షలుగా నడిచింది. కోట్ల లెక్కలో అది చిల్లర. హాస్టల్ అద్దె కోసం వెతుక్కునే పిల్లవాడికి మాత్రం అది ఇంటి పైకప్పు. ఆ చిల్లర కూడా అందకపోతే ఇక వాళ్లకు మిగిలేది స్పోర్ట్స్ కోటా ఉద్యోగం, లేదంటే కానిస్టేబుల్ పరీక్షకు 1600 మీటర్ల పరుగు. ఆ పరుగులో మావాడు బాగానే ఉన్నాడు. రేపు యూనిఫాం వేసుకుంటాడు, సంతోషం. కానీ ఒక మంచి లెఫ్ట్ కవర్‌ను మనం చూడకుండానే పోగొట్టుకుంటాం, పోగొట్టుకున్నామని కూడా తెలియదు.

అందుకే జట్ల వాళ్లకు నా మనవి. స్కోరర్ పక్కన ఇంకో మనిషిని కూర్చోబెట్టండి. పట్టు ఎవరు మొదలుపెట్టారో రాసినట్టే ఎవరు ముగించారో రాయించండి, ఖాళీ కూతకు ఎవరు దారి మూశారో రాయించండి. కాగితం, పెన్ను ఖర్చే. ట్రయల్స్‌కు తూకం మిషన్‌తో రావడం సరే, అంతకుముందు జిల్లా పోటీలకు రండి. మీ మ్యాచులు గచ్చిబౌలిలో పెట్టినప్పుడు మా పిల్లలు విక్టోరియా మెమోరియల్ స్టేషన్లో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, మళ్లీ ఆటో పట్టుకుని చూడటానికి వచ్చారు కదా. మీరు ఒక్క సాయంత్రం ఇటు సరూర్‌నగర్ దాకా రాలేరా? వచ్చి మొత్తం మ్యాచ్ చూడండి, రెండు సగాలూ. ట్రయల్స్‌కు పిలిచేటప్పుడు కార్నర్‌ను ఒక్కణ్నే పిలవకండి. రోజూ అతని చెయ్యి పట్టుకుని నిలబడేవాణ్ని కూడా పిలిచి, ఇద్దరినీ ఒకే పక్క నిలబెట్టి ఆడించండి. రెండోవాడికి బస్సు ఛార్జీ దండగ అనుకుంటే, అది వాడే పెట్టుకుంటాడు.