‘చెక్ చేయలే’ అంటే ఏంటన్నా?

పాత కంప్యూటర్ కార్డులు కొనే పిచ్చి ఉన్నవాళ్లకి ఈ మాట కొత్త కాదు. మా రహమత్ నగర్ పక్కనే ఎర్రగడ్డలో ఆదివారం సంత జరుగుతుంది. అక్కడ పాత సామాను మధ్యలో ఒక కార్డు కనిపించి "అన్నా, ఇది పనిచేస్తదా?" అని అడిగితే వచ్చే జవాబు: "చెక్ చేయలే తమ్మీ. చూస్కొని తీస్కో." మన వాట్సాప్ గ్రూపుల్లో సీనియర్లు అమ్మేటప్పుడు అదే మాట కొంచెం స్టైల్‌గా వస్తుంది: "అన్‌టెస్టెడ్, నో రిటర్న్."

చెక్ చేయకుండా అమ్మడం తప్పని నేను అనను. కానీ అది సగం మాటే. "ఎందుకు చెక్ చేయలేదు" అనేది మిగతా సగం. అది చెప్పకుండా అమ్మే అలవాటు మనం మానేయాలి, చెప్పకుండా అమ్మేవాడి దగ్గర కొనడం కూడా మానేయాలి.

ఈ గొడవేంటో తెలియని జూనియర్ల కోసం రెండు ముక్కలు. 1981లో ఐబీఎమ్ పీసీ వచ్చినప్పుడు దాని మదర్‌బోర్డు మీద 8 బిట్ల స్లాట్లు ఉండేవి. 1984లో ఏటీ మోడల్‌తో అవి 16 బిట్లయ్యాయి. వీటికే తర్వాత ఐఎస్ఏ అని పేరు. డిస్‌ప్లేకి ఒక కార్డు, డిస్కుకి ఒక కార్డు, సౌండ్‌కి ఒక కార్డు. మనకి ఇవెందుకంటే, వీటిల్లో సర్క్యూట్ కంటికి కనిపిస్తుంది. 74 సిరీస్ చిప్పుల మీద నంబర్లు చదవొచ్చు, గీత వెంట వేలు పెట్టుకుని అడ్రస్ డీకోడర్ ఎక్కడుందో పట్టుకోవచ్చు. మైక్రోప్రాసెసర్స్ సబ్జెక్టులో బట్టీ పట్టిన 8255 ఒక నిజమైన కార్డు మీద కూర్చుని కనిపిస్తే వచ్చే కిక్కు ఏ పీపీటీలోనూ రాదు.

అయితే వీటిని చెక్ చేయడం నిజంగానే కష్టం. ఇప్పటి మామూలు మదర్‌బోర్డుల మీద ఐఎస్ఏ స్లాట్ ఉండదు. పాత మెషీన్ కావాలి, దానికి పనిచేసే పవర్ సప్లయ్ కావాలి, డాస్ కావాలి, డ్రైవర్ కావాలి. పాతకాలం హార్డ్ డిస్క్ కంట్రోలర్ అయితే దానికి జతపడే డిస్క్ కూడా ఉండాలి. పైగా షార్ట్ అయిన కార్డు పెడితే ఉన్న ఒక్క మంచి మెషీన్‌కి ఎసరు. కాబట్టి "నా దగ్గర స్లాట్ లేదు, అందుకే చూడలేదు" అనేవాడిని నేను పూర్తిగా నమ్ముతాను.

సమస్య ఏంటంటే, ఇంకొకడు కూడా అచ్చం ఇదే మాట అంటాడు. వాడి దగ్గర మెషీన్ ఉంది. కార్డు పెట్టి చూశాడు, పనిచేయలేదు. ఉన్న పది కార్డుల్లో బాగున్నవి తీసి ఎక్కువ ధరకి అమ్ముకున్నాడు, మిగిలినవాటికి "అన్‌టెస్టెడ్" అని పేరు పెట్టాడు. బర్రెను నీళ్లలో ఉంచి కొమ్ములు బేరమాడినట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇక్కడ బర్రెకి కాలు విరిగిందని అమ్మేవాడికి ముందే తెలుసు.

దీనివల్ల నష్టపోయేది కొన్నవాడు ఒక్కడే కాదు. 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త సెకండ్‌హ్యాండ్ కార్ల ఉదాహరణతో ఒక వ్యాసం రాశాడు. 2001లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయనొకడు. ఆయన మాట మన కార్డులకి పెట్టి చూద్దాం. పనిచేసే కార్డు 1000 రూపాయలు, చచ్చిపోయింది 100 అనుకోండి. నిజంగానే ఎవరూ చూడని పెట్టెలో పదింటికి ఐదు పనిచేస్తాయనుకుంటే ఒక్కో కార్డుకి 550 ఇవ్వొచ్చు. కానీ మంచివి ముందే ఏరేశారని అనుమానం వచ్చి, పదిలో ఒకటే పనిచేస్తుందని లెక్క వేసుకుంటే 190 మించి ఎవడిస్తాడు? నిజాయితీగా అమ్మేవాడికి కూడా అదే 190. వాడు ఒక్కో కార్డుకి ఫొటో తీసి, ప్యాక్ చేసి, కొరియర్ చేసే ఓపిక ఎందుకు పెట్టుకుంటాడు? మొత్తం పెట్టె తూకానికి వేసేస్తాడు.

నాకు అసలు బాధ ఇక్కడే. తూకానికి వెళ్లిన కార్డు తిరిగి రాదు. స్లాట్‌లో దిగే అంచు మీద బంగారం పూత ఉంటుంది కదా, దానికోసం కోసేస్తారు. ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్ల యాసిడ్‌లో ముంచి తీస్తారు, ఆ పొగ పీల్చేది అక్కడి కూలీలు. చిప్పుల మీద నంబర్లతో, మన చదువుతో ఎవరికీ పనిలేదు. హైదరాబాద్‌లో 1967లో మొదలైన ఈసీఐఎల్ మన దేశంలో సొంతంగా కంప్యూటర్లు తయారుచేసిన సంస్థ. టీడీసీ-12, టీడీసీ-312, టీడీసీ-316 అని వాటి పేర్లు. అలాంటి మెషీన్ బోర్డు ఒకటి రేపు ఏ తుక్కు కుప్పలోనో బయటపడితే, "ఇది ఎందులోంచి తీసింది" అని చెప్పే అలవాటు మార్కెట్లో లేకపోతే అది కూడా మామూలు కిలో లెక్కే.

"కొనేవాడే చూసుకోవాలి బ్రో, తక్కువ ధరకి ఇస్తున్నాం కదా" అని ఫ్రెండ్స్ అంటారు. సగం కరెక్టే. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం కూడా కొన్ని మినహాయింపులు తప్ప సరుకు నాణ్యతకి దానంతటదే గ్యారంటీ ఉందనదు. కానీ 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 17వ సెక్షన్ చూడండి. నిజం కాదని తెలిసీ నిజమని చెప్పడం, తెలిసిన సంగతిని కావాలని దాచడం మోసం కిందికే వస్తాయి. అంటే చూడకుండా "చూడలేదు" అంటే అది వ్యాపారం. చూసి, పనిచేయదని తెలిసి "చూడలేదు" అంటే అది అబద్ధం. తక్కువ ధర పెట్టినంత మాత్రాన అబద్ధం నిజం కాదు.

మెషీన్ లేకపోయినా చేయగలిగే పని ఒకటుంది. మన ఈసీఈ వాళ్ల బ్యాగుల్లో మల్టీమీటర్ ఎలాగూ ఉంటుంది. ఐఎస్ఏ కార్డులో బీ వైపు 1వ పిన్ గ్రౌండ్, 3వది ప్లస్ 5 వోల్టులు, 5వది మైనస్ 5, 7వది మైనస్ 12, 9వది ప్లస్ 12. కార్డుకి పవర్ ఇవ్వకుండా గ్రౌండ్‌కీ ఒక్కో సప్లయ్ పిన్‌కీ మధ్య రెసిస్టెన్స్ చూడండి. దాదాపు సున్నా చూపిస్తే అక్కడ షార్ట్ ఉంది. పాత టాంటలమ్ కెపాసిటర్లు ఎక్కువగా అలాగే పోతాయి. ఒక్క నిమిషం పని. దీంతో కార్డు పనిచేస్తుందని తేలదు, కానీ పెట్టగానే పొగ వచ్చే ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

కాబట్టి మన గ్రూపుల్లో కార్డు పెట్టేవాళ్లు నాలుగు సంగతులు రాయాలని నా ప్రతిపాదన: ఎందుకు టెస్ట్ చేయలేదు, ఎందులోంచి తీశారు, రెండు వైపులా ఫొటోలు, మీటర్ ఏం చూపించింది. పనిచేయదని తెలిస్తే "పనిచేయదు, పార్టులకి" అని ధైర్యంగా రాయండి. దానికీ కొనేవాళ్లున్నారు. చచ్చిన కార్డు మీద సాకెట్లు, క్రిస్టల్, ఈప్రామ్ బతికే ఉండొచ్చు. షూటింగ్‌కి టేబుల్ మీద పెట్టే కంప్యూటర్ అయితే లోపల ఏం లేకపోయినా నడుస్తుంది, కెమెరాకి కనిపిస్తే చాలు. ఏ పనికో తెలిస్తే ధర దానంతటదే కుదురుతుంది.

కొనేవాళ్లకీ ఒక మాట. కారణం చెప్పి అమ్మినవాడి దగ్గర కొని, ఇంటికెళ్లాక పనిచేయలేదని గొడవ పెట్టుకోవద్దు. ఆ రిస్కుకి ఒప్పుకునే కదా తక్కువకి తీసుకున్నాం. మనమే సోల్డరింగ్‌లో కాల్చేసి వెనక్కివ్వడం అయితే మరీ అన్యాయం. నిజం చెప్పినందుకు వాడికి తలనొప్పే మిగిలితే, రేపటినుంచి వాడూ "చెక్ చేయలే" అని ఊరుకుంటాడు.

ఈ ఆదివారం ఎర్రగడ్డ వెళ్తే ధర అడిగేముందు "ఎందుకు చెక్ చేయలే అన్నా? ఎందులోంచి వచ్చింది?" అని అడగండి. చెప్పినవాడి దగ్గర పది రూపాయలు ఎక్కువైనా అక్కడే కొనండి.