తాబేలు తొట్టెకు బదిలీ ఉత్తర్వులు రావు

బదిలీల ఇళ్లలో పెంపుడు జంతువు మాట వస్తే పెద్దలు ముందు తల అడ్డంగా ఊపుతారు. కుక్కను రైల్లో ఎలా తీసుకెళ్తాం, పిల్లిని ఎవరు చూస్తారు అంటారు. చివరికి రాజీ తాబేలు దగ్గర కుదురుతుంది. అది అరవదు, షికారుకు తీసుకెళ్లమనదు, గాజు తొట్టెలో ఒక మూల పడి ఉంటుంది. సూరత్‌లోనూ, అంతకుముందు పనిచేసిన ఊళ్లలోనూ విద్యార్థుల నోట ఈ మాటే విన్నాను. నా అభిప్రాయం వేరు. మనలాంటి కుటుంబాలకు కష్టమైన పెంపుడు జీవుల్లో తాబేలు ఒకటి.

దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది కళ్ల వెనుక ఎర్ర చార ఉండే రెడ్ ఇయర్డ్ స్లైడర్. దాని పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం. కొన్నప్పుడు అరచేతిలో ఇమిడిపోతుంది. బాగా చూసుకుంటే 20 నుంచి 40 ఏళ్లు బతుకుతుంది. ఆడది 25 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది. ఆరో తరగతిలో మీరు కొన్న తాబేలు, మీ నాన్నగారో అమ్మగారో పదవీ విరమణ చేసేనాటికీ ఉండవచ్చు. ఈలోగా ఎన్ని బదిలీలో లెక్క వేసుకోండి.

తొట్టె సంగతి చూద్దాం. డిప్ప పొడవులో ప్రతి అంగుళానికి సుమారు 40 లీటర్ల నీళ్లు ఉండాలని పెంచేవాళ్లు లెక్క చెబుతారు. పది అంగుళాల తాబేలుకు 400 లీటర్లు, అంటే నీళ్ల బరువే 400 కిలోలు. క్వార్టర్స్‌లో చదువుకునే బల్ల మీద పెట్టే వస్తువు కాదది. అడుగున మింగగలిగే చిన్న గులకరాళ్లు వేయకూడదు. తాబేలు ఎక్కి ఒళ్లు ఆరబెట్టుకోవడానికి పొడి మెట్టు ఉండాలి. అది గోడ ఎక్కి కింద పడకుండా పైన జాలీ మూత ఉండాలి.

వెలుతురు విషయంలో చాలామంది పొరపడతారు. కిటికీ పక్కన పెడితే ఎండ తగులుతుంది కదా అనుకుంటారు. డిప్ప గట్టిపడటానికి కావలసిన అతినీలలోహిత బి కిరణాలను కిటికీ అద్దం దాదాపుగా ఆపేస్తుంది. అందుకు ప్రత్యేకమైన దీపం కావాలి. అలాగని సూరత్ మే నెల ఎండలో తొట్టెను బాల్కనీలో పెడితే నీళ్లు కాగిపోతాయి. హీటరు, ఫిల్టరు తీగలు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లేలా కట్టాలి. తీగ వెంట జారే నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, ప్లగ్గులోకి పోదు. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు అన్ని స్విచ్‌లూ ఆపాలి.

తొట్టె బయట ఉన్నవాళ్ల భద్రత కూడా ముఖ్యమే. ఆరోగ్యంగా కనిపించే తాబేలు ఒంటి మీద కూడా సాల్మొనెల్లా సూక్ష్మజీవి ఉండవచ్చు. అందుకే అమెరికాలో నాలుగు అంగుళాల కన్నా చిన్న తాబేళ్లను పెంపకానికి అమ్మడాన్ని 1975లో నిషేధించారు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తొట్టె నీళ్లను వంటింటి సింకులో పారబోయకూడదు. ఇంట్లో ఐదేళ్లలోపు తమ్ముడో చెల్లెలో ఉంటే తాబేలును కొనకపోవడమే మంచిది.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట. నీటిలో ఈదేదాన్నీ, నేల మీద నడిచేదాన్నీ తెలుగులో తాబేలు అనే అంటాం. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం గుడి ఆవరణలో కనిపించే నక్షత్ర తాబేలు నేల మీద బతికేది. పేరు ఒకటే కదా అని దాన్ని లోతు నీళ్లలో వేస్తే మునిగి చస్తుంది. పైగా నక్షత్ర తాబేలునూ, మన చెరువుల్లో ఉండే మెత్తటి డిప్ప తాబేలునూ ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దుకాణదారుడు అమ్మినంత మాత్రాన అది చట్టబద్ధం కాదు.

బదిలీ ఉత్తర్వులు వచ్చాక ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. తాపీలోనో గోపీ తలావ్‌లోనో వదిలేస్తే స్వేచ్ఛ ఇచ్చినట్టు, పుణ్యం వచ్చినట్టు అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. స్లైడర్ ప్రపంచంలోని వంద అతి హానికర చొరబాటు జీవుల జాబితాలో ఉంది. ఎండ కాగే చోటు కోసం, తిండి కోసం మన స్థానిక తాబేళ్లతో పోటీ పడుతుంది, రోగాలూ అంటిస్తుంది. మనం బరువు దించుకున్నామనుకుంటే ఆ బరువు నది మీద పడుతుంది.

ఇప్పటికే మీ ఇంట్లో స్లైడర్ ఉంటే దాన్ని వెంట తీసుకెళ్లండి. తొట్టెను ఖాళీ చేసి సామాన్ల లారీలో పంపవచ్చు. తాబేలును మాత్రం గాలి రంధ్రాలున్న పెట్టెలో, తడి తువ్వాలు పరిచి, మీతోనే ఉంచుకోవాలి. సూరత్‌లో వేసవిలో అక్కర్లేని హీటరు పఠాన్‌కోట్ చలిలో తప్పనిసరి అవుతుందని గుర్తుంచుకోండి. తీసుకెళ్లడం కుదరకపోతే, పెద్ద తొట్టె ఉండి, పెంపకం తెలిసినవాళ్లను ఉత్తర్వులు రాకముందే వెతికి పెట్టుకోండి.

ఇంకా కొననివాళ్లు ముందుగా అమ్మానాన్నలతో కూర్చుని, వచ్చే ఊళ్లో ఆ 400 లీటర్ల తొట్టె ఎక్కడ పెడతామో మాట్లాడండి. జవాబు దొరకకపోతే పాల్ ప్రాంతంలోని మన నగరపాలక అక్వేరియానికి వెళ్లి, నీటి జీవులను అక్కడే తనివితీరా చూసి రండి.