మునిగిందా, ముంచారా? – గాజీ ఉదంతం, టెలివిజన్ స్మరణ

ఏటా డిసెంబరు 4వ తేదీని భారత నౌకాదళ దినోత్సవంగా జరుపుకొంటున్నాము. 1971 యుద్ధంలో కరాచీ రేవుపై మన క్షిపణి నౌకలు జరిపిన దాడికి అది స్మారకం. తెలుగువారికి ఆ తేదీతో మరొక సంబంధం కూడా ఉంది. ఆ యుద్ధంలోనే డిసెంబరు 3, 4 తేదీల మధ్యరాత్రి విశాఖపట్నం రేవుకు చేరువలో పాకిస్థాన్ జలాంతర్గామి గాజీ మునిగిపోయింది. అందులోని 90 మందికి పైగా నావికులలో ఒక్కరూ ప్రాణాలతో బయటపడలేదు. ఈ ఘటన గురించి మన టెలివిజన్ ఆనాడు ప్రసారం చేసే కథనాల ధోరణి స్మరణకు తోడ్పడకపోగా, మిగిలివున్న స్మృతిని సైతం చెరిపివేస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదన.

ముందుగా వివాదం లేని అంశాలను, ఉన్నవాటిని వేరుచేయాలి. గాజీ లక్ష్యం విమానవాహక నౌక విక్రాంత్. ఆ నౌకను అప్పటికే అండమాన్ వైపు తరలించిన నౌకాదళం, అది విశాఖ పరిసరాల్లోనే ఉన్నదనే భ్రమను కల్పించింది. ఇంతవరకు పెద్దగా వివాదం లేదు. రాజ్‌పుత్ అనే మన యుద్ధనౌక జారవిడిచిన జలాంతర పేలుడు పదార్థాల వల్ల గాజీ మునిగిందని భారత నౌకాదళ కథనం. అది తాను అమర్చిన మందుపాతర వల్లనో, లోపల సంభవించిన విస్ఫోటనం వల్లనో మునిగిందని పాకిస్థాన్ కథనం. ఈ విషయమై మన సైనికాధికారులలోనూ భిన్నాభిప్రాయాలు వెలువడ్డాయి.

2017లో సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'ఘాజీ' చలనచిత్రం వీటిలో దేనినీ అనుసరించలేదు. అందులో ఒక భారత జలాంతర్గామి సముద్రగర్భంలో పోరాడి గాజీని కూల్చివేస్తుంది. కల్పన చేయడం కళాకారుని హక్కు; చిత్రంపై నాకు ఫిర్యాదు లేదు. ఆ దృశ్యాలనే తెరపై పరిచి, వాటిపై చరిత్ర చెప్పే కంఠస్వరాన్ని అతికించే టెలివిజన్ కథనంపైనే నా అభ్యంతరం. నౌకాదళం సైతం చెప్పుకోని యుద్ధాన్ని నౌకాదళ దినోత్సవం నాడు చరిత్రగా చూపడం ఆ దళానికి గౌరవమెలా అవుతుంది?

ఇది చరిత్రకారులకు మాత్రమే పట్టవలసిన తగవు కాదు, భాషాధ్యయనపరులకూ సంబంధించినది. తెలుగులో 'మునుగు' అకర్మకం, 'ముంచు' సకర్మకం. 'గాజీ మునిగింది' అన్న వాక్యం కారణాన్ని విచారణకు విడిచిపెడుతుంది. 'గాజీని ముంచారు' అన్నది కర్తను స్థిరపరచి విచారణను ముగించివేస్తుంది. అంతకన్న ముఖ్యమైనది 'అట'. తాను చూడనిదానిని చెప్పేటప్పుడు తెలుగు వక్త 'పెద్ద చప్పుడైందట' అంటాడు. విన్నదానికీ కన్నదానికీ నడుమ హద్దు గీస్తాడు. పండితుల శిక్షణ అవసరం లేకుండానే జనవ్యవహారం పాటించే సత్యనిష్ఠ ఇది. టెలివిజన్ వ్యాఖ్యాత భాషలో ఈ 'అట'కు చోటు లేదు. యాభై ఏళ్ల కిందటి చీకటి సముద్రంలో జరిగినదంతా కళ్లారా చూసినట్లు నిశ్చయార్థక క్రియలతో చెప్పుకుపోతాడు.

దీనికి రెండు సమాధానాలు వినిపిస్తాయి. ప్రేక్షకునికి సినిమా ఏదో, చరిత్ర ఏదో తెలుసుననేది మొదటిది. రెండింటినీ ఒకే తెరపై, ఒకే స్వరంతో, హద్దు చూపకుండా కలిపిన తరువాత అతడు వేటి ఆధారంగా వేరుచేసుకోవాలి? వీరస్మరణ దినాన సందేహాలు లేవదీయడం అమర్యాద అనేది రెండవది. వీరులను అంత గౌరవించేవారు ఖుక్రీని తలచుకోవాలి. అదే యుద్ధంలో, 1971 డిసెంబరు 9న, దీవ్ తీరానికి ఆవల పాకిస్థాన్ జలాంతర్గామి హంగోర్ దాడిలో ఖుక్రీ మునిగింది. నౌకాధిపతి మహేంద్రనాథ్ ముల్లాతో పాటు 190 మందికి పైగా మనవారు నేలకొరిగారు. గాజీకి దక్కే ప్రసార సమయంలో ఖుక్రీకి దక్కేదెంత? స్మరణను విజయగాథకు కుదించినప్పుడు మొదట జారిపోయేది మన మృతులే. ఇక గాజీలో మరణించిన నావికులూ మనుషులేనన్న స్ఫురణకు ఆ కథనంలో తావే ఉండదు.

అసలు నష్టం మరొకచోట ఉంది. దీపాలార్పిన ఆ రాత్రులను అనుభవించినవారు, పేలుడు శబ్దం విన్నవారు, కడలిపై తేలిన శిథిలాలను గురించి జాలరిపేటల్లో చెప్పుకోగా విన్నవారు విశాఖలో ఇంకా ఉన్నారు. నాటి పదిహేనేళ్లవారు నేడు డెబ్బయ్యవ పడికి చేరుకున్నారు. వారి కథనాల్లో పొరపాట్లుండవచ్చు; వాటిని సరిచూడటానికి పద్ధతులున్నాయి. చలనచిత్ర దృశ్యాలను పదేపదే చూసినవారి జ్ఞాపకంలోకి ఆ దృశ్యాలే చొరబడితే సరిచూడటానికి ఏ పద్ధతీ మిగలదు. సాగరతీరంలోని విజయస్తంభం ఎటూ పోదు. ఈ మాటలు పోతాయి.

కనుక టెలివిజన్ సంస్థలు కల్పిత దృశ్యం కనిపించినంతసేపూ అది కల్పితమని తెరపై ప్రకటించాలి. భిన్న కథనాలను భిన్న కథనాలుగానే చెప్పాలి. వారిని తప్పుపట్టి ఊరుకొనే అర్హత మనకూ లేదు. జానపద కథల సేకరణకు విద్యార్థులను ఊళ్లకు పంపిన తెలుగు శాఖలు, యుద్ధకాలపు మౌఖిక కథనాల కోసం విశాఖ తీరానికి ఎందరిని పంపాయి? ఆ వృద్ధుల మాటలను వారి మాండలికంలోనే, వారి 'అట'లతో సహా నమోదు చేయడం మన శాస్త్రం మనకు అప్పగించిన పని. దానిని మనం చేయనంతకాలం ఆ ఖాళీని సినిమా దృశ్యాలే పూరిస్తాయి.