తలకింత అంటే న్యాయమేనా?

ఉచిత వైఫై మాట వస్తే చాలు, మనవాళ్ళ దగ్గర తీర్పు సిద్ధంగా ఉంటుంది. ఎవడో సినిమా డౌన్‌లోడ్ పెట్టుకుని లైనంతా లాగేస్తున్నాడు, తలకింత అని కోటా కట్టి పైన తాళం వెయ్యాలి, అంతే! విజయవాడ జంక్షన్‌లో టీ తాగుతూ ఈ మాట అనేవాళ్ళకు కొదవలేదు. స్టేషన్లలో వైఫై ఇచ్చే రైల్వే సంస్థ రైల్‌టెల్ కూడా దాదాపు ఈ దారే పట్టింది. 2021 మార్చిలో నాలుగు వేలకు పైగా స్టేషన్లలో ప్రీపెయిడ్ ప్లాన్లు తెచ్చినప్పుడు, రోజూ మొదటి అరగంట 1 ఎంబీపీఎస్‌తో ఉచితం, ఆపైన పది రూపాయలు కడితే 34 ఎంబీపీఎస్ వరకు అంది. వ్యాపారంగా అది బాగానే ఉంది. దాన్ని న్యాయమైన పంపకం అంటేనే నాకు పేచీ.

అర్ధరాత్రి దాటాక ప్లాట్‌ఫారం మీద పదిమందే మేలుకుని ఉన్నారనుకోండి. లైను ఖాళీ. అయినా ఉచితంగా వాడేవాళ్ళకు అదే 1 ఎంబీపీఎస్. అప్పుడు వాడని బ్యాండ్‌విడ్త్‌ను దాచి తెల్లారి పంచలేం కదా! అదే దసరాల్లో మూలా నక్షత్రం రోజున, ఇంద్రకీలాద్రికి వచ్చిన జనంతో స్టేషన్ కిక్కిరిసిపోతే, తలకింత అన్న హామీకి సరిపడా లైను ఉండదు.

పైగా ఇక్కడ లెక్కకు వచ్చేది ఫోన్ నంబరు. రెండు సిమ్‌లున్నవాడికి రెండు ఓటీపీలు, రెండు కోటాలు. పోనీ కనెక్షన్ల లెక్కన పంచుదామంటే, డౌన్‌లోడ్ మేనేజర్ ఒక్క ఫైలుకే బోలెడు కనెక్షన్లు తెరిచి అన్ని వాటాలూ కొట్టేస్తుంది. కనెక్షన్ల మధ్య వేగం సమానమైతే న్యాయం జరిగినట్టేనన్న నమ్మకాన్ని నెట్‌వర్క్ పరిశోధకుడు బాబ్ బ్రిస్కో 2007లోనే ఒక మతంతో పోల్చి ఎండగట్టాడు. ఆ మతం మనదగ్గర ఇంకా భేషుగ్గా ఉంది.

అసలు వైఫైలో కరువంతా గాలిలో దొరికే సమయానికి. ఒక చానల్‌లో ఒక ఫోను మాట్లాడుతుంటే మిగతావి నోరుమూసుకోవాలి. వైఫై సిగ్నల్ ఇచ్చే యాక్సెస్ పాయింటు కిందే కూర్చున్న కుర్రాడి ఫోను ప్యాకెట్టును చిటికెలో పంపేస్తుంది. దూరంగా మెట్ల చాటున, పాత ఫోనులో పిల్ల హాల్ టికెట్ తెరవాలని తంటాలు పడుతున్న తల్లికి అదే ప్యాకెట్టు ఎన్నో రెట్లు ఆలస్యం. ఇద్దరికీ ప్యాకెట్టుకు ప్యాకెట్టు చొప్పున వంతులిస్తే ఏమవుతుందో ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ పరిశోధకులు 2003లో చూపించారు. 11 ఎంబీపీఎస్ పరికరాల మధ్యకు 1 ఎంబీపీఎస్ పరికరం ఒక్కటి వస్తే, అందరి వేగమూ ఒక ఎంబీపీఎస్ కిందికి పడిపోయింది. అక్కడ సినిమా దించుకున్న దొంగెవడూ లేడు.

అందుకే వంతులను ప్యాకెట్లలో కాదు, గాలి సమయంలో కొలవాలి. మన డెల్టాకు ఈ లెక్క కొత్త కాదు. నీళ్ళు చాలని ఏడాది ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు వంతులవారీగా వదులుతారు. కొలిచేది రోజుల్లో, గంటల్లో. అవే గంటలకు నాగాయలంక శివారు చేలకు చేరే నీళ్ళు ఎగువ కంటే తక్కువే. అందుకు శివారు రైతు ఎగువవాడి చేను ఎండబెట్టమనడు. కాలువలో పూడిక తీయమంటాడు, తన వంతులో ఎవడూ మోటారు పెట్టి తోడకుండా చూడమంటాడు.

గాలి సమయాన్ని సమానంగా పంచితే పాత ఫోనువాళ్ళు, అంటే పేదవాళ్ళు, నష్టపోరా అని అడగవచ్చు. గట్టి ప్రశ్నే. వాళ్ళకు వచ్చే డేటా తక్కువగానే ఉంటుంది. దానికి మందు వాళ్ళ దగ్గర మరో యాక్సెస్ పాయింటు పెట్టడం. మిగతా అందరినీ వాళ్ళ వేగానికి దించితే వాళ్ళకు ఒరిగేదేమీ లేదు. ఇక డౌన్‌లోడ్ వీరుడంటారా, రద్దీ ఉన్నంతసేపే అతన్ని వెనక వరుసలో నిలబెడితే చాలు. పీఎన్‌ఆర్ చూసుకునేవాడి చిన్న ప్యాకెట్లను ముందు పంపి, పెద్ద డౌన్‌లోడ్‌ను ఆగమనే ఎఫ్‌క్యూ-కోడెల్ పద్ధతి 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చింది. గాలి సమయాన్ని పంచే ఏర్పాటూ లినక్స్‌లో ఉంది. రెండూ ఉచితం. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పబ్లిక్ వైఫై పథకం పీఎం-వాణి కింద లైసెన్సు లేకుండా వైఫై ఇవ్వగల చిల్లరకొట్టు వ్యాపారికీ ఇవి అందుబాటులో ఉన్నవే.

కాబట్టి టెండరు రాసేవాళ్ళు ఒక్కొక్కరికి ఇంత వేగం అని ఒక వాక్యం పడేసి చేతులు దులుపుకుంటే కుదరదు. రద్దీలో గాలి సమయం ఎలా పంచుతారు, ఖాళీ వేళ పరిమితి ఎత్తేస్తారా, ప్లాట్‌ఫారం చివర సిగ్నల్ ఎంత అని అడగాలి. మూడోదానికి నివేదికలు తెప్పించుకోనక్కర్లేదు, ఫోను పట్టుకుని పదో నంబరు ప్లాట్‌ఫారం చివరిదాకా ఒకసారి నడిస్తే తెలిసిపోతుంది.