బద్ధకం కాదది
రికార్డు రాశాడు, బ్యాగులో పెట్టుకున్నాడు, ఇవ్వడం మరిచిపోయాడు. ఇలాంటి పిల్లాడికి మనం చప్పున పెట్టే పేరు బద్ధకస్తుడు. పనిని ముక్కలు చేసుకోవడం, ఎక్కడ మొదలెట్టాలో తేల్చుకోవడం, గడువు గుర్తుంచుకోవడం ఎక్కువగా మెదడు ముందుభాగం చూసుకునే పనులు. అది పూర్తిగా పరిణతి చెందేసరికి దాదాపు పాతికేళ్లు వస్తాయి. మన కార్పొరేట్ ఇంటర్ కాలేజీలేమో పొద్దుటి స్టడీ అవర్ నుంచి రాత్రి లైట్లు ఆర్పేదాకా అన్నీ గంట కొట్టి చేయిస్తాయి. రెండేళ్లు ఆ గంటే తన బుర్ర అనుకుని బతికిన కుర్రాణ్ని ఇంజినీరింగ్ హాస్టల్లో వదిలేస్తే బ్యాక్‌లాగులు పేరుకోవా? (మంచి ర్యాంకు వచ్చినవాళ్లకీ ఈ తిప్పలు తప్పవు.) 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది గానీ, పనిని ఇలా సర్దుకోలేని ఇబ్బందిని విడిగా పేర్కొనలేదు. అయినా ఇలాంటి పిల్లాడికి సాయం చేయడానికి వైకల్య సర్టిఫికెట్టు ఎందుకు? మాస్టారూ, ఈసారి ప్రాజెక్టుకి ఒక్క ఆఖరు తేదీ కాకుండా మూడు చిన్న తేదీలు బోర్డు మీద రాయండి. మొదటి వాక్యం మీ ఎదుటే రాయించండి.