ఫోన్ ఫోటోతో తెగులు గుర్తింపు: ఎంతవరకు నమ్మవచ్చు?

ఆకును ఫోటో తీస్తే చాలు, తెగులు పేరు, కొట్టాల్సిన మందు చెప్పే యాప్‌లు ఇప్పుడు చాలానే వచ్చాయి. కేంద్ర వ్యవసాయ శాఖ కూడా 2024 ఆగస్టులో ఫోటో ఆధారంగా చీడపీడలను గుర్తించే జాతీయ వ్యవస్థను (ఎన్‌పీఎస్‌ఎస్‌) ప్రారంభించింది. ఇది మంచి పరిణామమే. అయితే ఫోన్ మాట మీద మందు కొనే ముందు, అది ఎలా నేర్చుకుందో రైతులు తెలుసుకోవాలి.

కంప్యూటర్ ఎలా నేర్చుకుంటుంది?

పేర్లు రాసిన వేలాది ఫోటోలు చూపిస్తే కంప్యూటర్ వాటిలోని పోలికలు పట్టుకుంటుంది. 2016లో పరిశోధకులు ప్లాంట్‌విలేజ్ సేకరణలోని 54,306 ఫోటోలతో ఇలాగే నేర్పించారు. అదే సేకరణలో పక్కన పెట్టిన ఫోటోలపై 99 శాతానికి పైగా సరైన జవాబులు వచ్చాయి. వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు ఇస్తే అది సుమారు 31 శాతానికి పడిపోయింది.

ఆ సేకరణలో ఆకును తెంపి, ఒకే తీరు నేపథ్యంపై పెట్టి ఫోటోలు తీశారు. ఫోటో అంచుల్లోని 8 చుక్కలు మాత్రమే చూపి నేర్పినా, కంప్యూటర్ దాదాపు సగం జవాబులు సరిగ్గా చెప్పిందని తర్వాత మరో పరిశీలనలో తేలింది. అంటే ఆకు వెనకున్న నేపథ్యం కూడా దానికి జవాబు అందిస్తోంది. మన పొలంలో మట్టి, కలుపు, నీడ, ఎండ అన్నీ ఫోటోలో పడతాయి. అక్కడే తడబడుతుంది.

పొరపాటు ఖరీదు రైతుదే

మిరపలో తామర పురుగుల వల్ల ఆకు పైకి ముడుచుకుంటుంది, నల్లి వల్ల కిందికి ముడుచుకుంటుంది. రెండింటికీ మందులు వేరు. ఫోటోలో ముడత ఎటో తెలియకపోతే మందు మారిపోతుంది. డబ్బు పోతుంది, పురుగు మిగులుతుంది.

ఫోటో తీసేటప్పుడు పాటించాల్సినవి

• ఉదయం పూట, నీడ పడకుండా, ఒక్క ఆకు స్పష్టంగా కనిపించేలా తీయండి.
• ఆకు పైభాగం, అడుగుభాగం, మొత్తం మొక్క విడివిడిగా తీయండి.
• ఒకే మొక్క కాకుండా నాలుగైదు మొక్కల ఫోటోలు పెట్టండి. జవాబులు మారుతుంటే నమ్మకండి.
• మందు కొనే ముందు మీ వ్యవసాయాధికారికి లేదా కృషి విజ్ఞాన కేంద్రానికి ఆకు చూపించండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

యాప్ చెప్పేది అనుమానం మాత్రమే. నిర్ధారణ పొలంలోనే జరగాలి.