గీత ఎవరి కోసం?

మా భోగాపురంలో మైకులోంచి ఘంటసాల భగవద్గీత వినిపించిందంటే చాలు, అరుగుమీది ముసలమ్మ అడిగే మొదటి మాట: "ఎవులు పోనార్రా?" మా ఊరొకటేమిటి, తెలుగునాట ఏ ఊరు చూడండి, ఇదే వరస. శవవాహనానికి చక్రాలెంత అవసరమో, ఆ రికార్డూ అంత అవసరమైపోయింది!

ఇది అన్యాయం కాదూ? మా పక్కనున్న విజయనగరంలో మధుకరం ఎత్తుకుని సంగీతం నేర్చుకున్నాడాయన. వేల సినిమా పాటలు పాడి, చివరికి ఆరోగ్యం బాగాలేని రోజుల్లో, గీతలోని 700 శ్లోకాల్లోంచి ఏరిన కొన్నిటిని తెలుగు తాత్పర్యంతో సహా పాడిపెట్టాడు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశాడు. రికార్డు ఆ తరవాతే బయటికొచ్చింది. జనానికి వెళ్ళొస్తానని చెప్పిన పాట అది. మనం దాన్ని తీసుకెళ్ళి పాడెకి కట్టాం.

దుఃఖంలో ఉన్నవాళ్ళకి ఓదార్పండీ అంటారు. కాదన్నదెవరు? ఆత్మకు చావులేదని ఆ గొంతు చెబుతూంటే ఏడుపు కాస్త ఆగుతుంది, నిజమే. కాని కృష్ణుడు గీత చెప్పింది శవానికి కాదు సుమండీ! చేతిలో విల్లు జారిపోయి, నావల్ల కాదని కూలబడ్డ బతికున్న మనిషికి. లేచి నీ పని నువ్వు చెయ్యమని.

అలా కూలబడ్డవాళ్ళు ఇంటికొకరున్నారు. పరీక్ష తప్పిన కుర్రాడు, అప్పులపాలైన రైతు. ముందు వాళ్ళ చెవిన వెయ్యండి. ఇంట్లో ఎవరూ పోకుండానే, ఓ మంచిరోజు పొద్దున్నే ఆ గీత పెట్టండి. పక్కింటివాళ్ళు పరామర్శకి పరిగెత్తుకొస్తే, కాఫీ ఇచ్చి కూచోబెట్టి వాళ్ళకీ వినిపించండి!